మూడోసారి అడిగితే

ఖోర్దాద్ 27 (జూన్ 17), వియన్నా

వచ్చి పడ్డాను. గది బాగానే ఉంది. దిండ్లే మరీ మెత్తన, తల పెడితే చెవులదాకా మునిగిపోతోంది.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మరదలు నసీమ్ నా వెనకాల నీళ్ళు చల్లింది, క్షేమంగా తిరిగి రావాలని. సగం నా బూట్లలోనే పోసింది. తమ్ముడు కియూమర్స్ విమానాశ్రయానికి రాలేదు. వాడి వెంట ఎప్పుడూ ఉండే గార్డు ఒప్పుకోలేదట. ఫోన్లో మాత్రం వాడి నోటికి కాపలా ఎవరున్నారు?

“అక్కా, అమెరికావాళ్ళ ముందు కూర్చుని నా యంత్రాలు తాకట్టు పెట్టి రాకు. నీ సంగతి నాకు తెలుసు. బజారుకెళ్తే చెప్పిన ధరకే కొనుక్కొచ్చే రకం నువ్వు.”

“పోరా! నీకు ముక్కు తుడుచుకోవడం నేర్పిందాన్ని. నాకు బేరం నేర్పుతావా?”

“అదైనా సరిగ్గా నేర్పావా? ఇప్పటికీ కారుతూనే ఉంది.”

అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, నాకు పదహారు. అప్పట్నించీ వాడి నోరు ఇంతే. నా పెంపకమే.

కొండ కింద యురేనియం శుద్ధిచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని వాడు చెప్పిన రోజున వీధంతా మిఠాయిలు పంచింది నేనే. ఇప్పుడు ప్రపంచమంతా ఆ కొండవైపే వేలు చూపిస్తోంది, బాంబు చేస్తారు, చేస్తారు అని. చేయబోమని రాసివ్వడానికీ, బదులుగా మా మీది ఆంక్షలు ఎత్తేయించుకోవడానికీ నేను ఇక్కడికొచ్చాను. నేను విదేశాంగశాఖ మనిషిని. ఒప్పందాల్లో వాక్యాలు రాయడం నా పని. తమ్ముడి కోసం రాలేదు.

తమ్ముడి కోసం కాదు.

ఖోర్దాద్ 28

పెద్దవాళ్ళు పైఅంతస్తులో కెమెరాలకు మొహాలు చూపిస్తారు. ఒప్పందం రాసేది మేం, కిటికీ లేని కింది గదిలో. మా వైపు పెద్ద ముస్తౌఫీ గారు. రెండు పంచదార బిళ్ళలు దవడన పెట్టుకుని టీ తాగుతూ, ఎదుటివాళ్ళని కరిచేలా చూడటం ఆయన పద్ధతి. వాళ్ళ వైపు రాసేది ఆర్డిస్ టోఫ్టె అనే ఆవిడ. అరవై దాటి ఉంటాయి. తెల్లజుట్టు, చేత్తో అల్లిన చొక్కా, చెవి వెనక పెన్సిలు.

ఇద్దరూ ఒప్పుకున్న మాట మామూలుగా రాస్తాం. ఒప్పుకోనిదాన్ని బ్రాకెట్లలో పెడతాం. సాయంత్రానికి మొదటి పేజీలో బ్రాకెట్లు లేనివి రెండే మిగిలాయి, తేదీ, ఊరిపేరు.

టీ వేళ నా పిస్తాపప్పు డబ్బా తెరిచి ఆవిడ ముందు పెట్టాను. “వద్దండీ, థాంక్యూ” అంది. తెహ్రాన్‌లో మాకు పాఠం చెప్పి మరీ పంపారు: అమెరికావాళ్ళ దగ్గర మన మొహమాటాలు చెల్లవు, వాళ్ళు వద్దంటే వద్దనే, ఔనంటే ఔననే. సరే, నీ ఇష్టం తల్లీ అనుకుని మూత పెట్టేశాను. ఆవిడ కళ్ళు కాసేపు ఆ మూత మీదే ఉన్నాయి. పళ్ళ నొప్పేమో పాపం.

ఖోర్దాద్ 30

కియూ ఫోన్ చేయలేదు. కొండ కింద సిగ్నల్ ఉండదు. ఎప్పుడూ అంతే.

తీర్ 1

ఖోర్దాద్ నెల అయిపోయింది, తీర్ మొదలైంది. ఇవాళ అసలుది బయటపెట్టారు. ఆర్డిస్ గొంతులో ఏ ఉప్పూ కారమూ లేకుండా చదివింది: కొండ కింద పనిచేసిన ప్రతి శాస్త్రవేత్త పేరూ, ఇంటి చిరునామా ఇవ్వాలి. తనిఖీదారులు వాళ్ళని పిలిపించి ప్రశ్నిస్తారు.

నేను రాసుకుంటున్నాను. చెయ్యి రాస్తూనే ఉంది. నా చెయ్యి మంచి ఉద్యోగస్థురాలు.

బహ్రామ్ పేరు కూడా ఒకప్పుడు ఇలాగే బయటికొచ్చింది. ఎవరు ఎవరికిచ్చారో మాకు ఇప్పటికీ తెలియదు. కియూకి ఆ కొండ కింద పని నేర్పినవాడు బహ్రామ్. ఒకరోజు పొద్దున ఆఫీసుకెళ్తుంటే సిగ్నల్ దగ్గర అతని కారు పక్కన మోటారుసైకిలు ఆగింది. దాని మీదివాడు తలుపుకి ఏదో అంటించి వెళ్ళిపోయాడు. కారు పేలిపోయింది. అంతే. అంత్యక్రియల్లో కియూ నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు, నాలుగేళ్ళప్పుడు పట్టుకున్నట్టే.

ఆనాటినుంచీ వాడు కారు నడపడు. ఎవరో నడుపుతారు, అద్దాలు మూసి, రోజుకో దారిలో. కూతురు తరానెని బళ్ళో దింపడు, దానికి ప్రమాదమని. రొట్టె కొనుక్కోవడానికి వీధి చివరకి వెళ్ళాలన్నా ఒక మనిషి తోడు. నా తమ్ముడు బతికే ఉన్నాడు, కానీ మూతపెట్టిన గిన్నెలో బతుకుతున్నాడు.

నా తమ్ముడు అక్కడ పనిచేస్తున్నాడు కాబట్టి పేర్లు ఇవ్వలేనని ఆవిడకి చెప్పలేను. చెబితే పేరు ఇచ్చినట్టే.

తీర్ 2

నా వాక్యం సిద్ధం చేశాను. తనిఖీదారులు ఎవరితోనైనా మాట్లాడొచ్చు. కానీ ఫ్యాక్టరీ లోపలే, హోదాతోనే. ‘మూడో విభాగం ఇంజనీరు’, అంతే. పేరు ఏ కాగితం మీదా గేటు దాటదు.

ఆర్డిస్ చదివింది. “లేదండీ. కుదరదు” అంది.

తీర్ 4

ఇంకోసారి పెట్టాను. రెండు మాటలు మార్చి.

“ఎంత బాగా రాశారో” అంది. “కానీ లేదండీ. క్షమించాలి.”

ముస్తౌఫీ గారు టీకప్పు సాసరులో టక్కుమని పెట్టి నావైపు తిరిగారు. “మహ్‌దుఖ్త్ ఖానుమ్, రెండుసార్లు మొహమ్మీదే లేదన్నారు వాళ్ళు! వీళ్ళకి ఒప్పందం అక్కర్లేదు, మన మనుషుల తలలు కావాలి. శనివారం విమానానికి టిక్కెట్లు తీయమంటాను.”

తీస్తే తీయనివ్వండి. మంచిదే. కియూ యంత్రాలు కియూకి ఉంటాయి. పేరు ఇచ్చేకంటే అదే నయం.

నయమేనా? ఒప్పందం లేకపోతే ఆ కొండ మీద బాంబులు వేస్తామంటున్నవాళ్ళు ఉన్నారు. వేస్తే కొండ కింద ఎవరుంటారు? ఈ మాట రాయకుండా ఉండాల్సింది.

తీర్ 5

కియూ ఫోన్ చేయలేదు. కొండ కింద సిగ్నల్ ఉండదు. ఇవాళ శుక్రవారం, వాడికి సెలవు. అయినా సరే.

అదే రోజు, మళ్ళీ

ఆగు, ఆగు. ఇది రాసి తీరాలి. నవ్వాగటం లేదు, నాకే సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం హోటల్ కాఫీగదిలో కూర్చున్నాను, సూట్‌కేసు సర్దే ఓపిక లేక. పక్క బల్ల దగ్గర ఆర్డిస్, ఆవిడతోపాటు వాళ్ళ బృందంలోని ఓ ముసలాయన. ఇద్దరిదీ ఒకే ప్రాంతంలా ఉంది, మాట తీరు ఒకటే. ఆయన తన కేకు ముక్క ఆవిడ వైపు తోశాడు.

“వద్దు వద్దు, నేనిప్పుడే తిన్నాను” అంది ఆర్డిస్. పచ్చి అబద్ధం. నేనొచ్చినప్పట్నించీ ఆ బల్ల దగ్గరే ఉంది, నోట్లో కాఫీ తప్ప ఏమీ పడలేదు.

“కొంచెం తీసుకో.”

“అయ్యో, మీకు తక్కువవుతుంది.”

“ఒక్క ముక్క.”

“సరే, మీరు మరీ అంతగా అంటున్నారు కాబట్టి...” అని ప్లేటు దగ్గరికి లాక్కుని ఉన్నపళంగా మూడొంతులు లాగించేసింది!

ఓసి నీ దుంపతెగ! ఇది అచ్చంగా మా మేనత్త! మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి వద్దనడం ఇంకా మర్యాద, మూడోసారికి ప్లేటు ఖాళీ. నేను లేచి తిన్నగా వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను. ముస్తౌఫీ గారు చూస్తే ఏమయ్యేదో.

“మీ ఊళ్ళో అందరూ ఇంతేనా?” అన్నాను.

ఆర్డిస్ మొహం ఎర్రబడింది. మూతికి అంటిన క్రీము తుడుచుకుంటూ, “మాది మిన్నెసోటా. మా తాతముత్తాతలు నార్వే నుంచి వచ్చిన రైతులు. అడగ్గానే ఔనంటే కరువుమనిషి అంటారు మా దగ్గర. మూడోసారికే ఔననాలి” అంది.

“మరి నా పిస్తాపప్పు?”

“మీవాళ్ళు మూడుసార్లు అడుగుతారని మాకు క్లాసు చెప్పారు. నేను ఆశగా కూర్చున్నాను. మీరేమో ఒకసారి అడిగి ఠప్పున మూత పెట్టేశారు! నేనేమైనా తప్పుగా మాట్లాడానా అని ఆ రోజంతా బెంగ.”

“మీవాళ్ళు వద్దంటే వద్దనే అర్థమని మాకు క్లాసు చెప్పారు!”

ఆ ముసలాయన బల్ల గుద్ది నవ్వాడు. మేం ముగ్గురం అలా నవ్వుతుంటే వెయిటరు వచ్చి ఏమైనా కావాలా అని అడిగాడు. నేనూ ఆర్డిసూ ఒక్కసారే “వద్దండీ” అన్నాం.

నాకు ఈ మనిషి నచ్చింది. శత్రుదేశపు మనిషి. నచ్చింది, అంతే, ఈ మాట కొట్టేయను.

తర్వాత మెట్లెక్కుతూ మధ్యలో ఆగి లెక్కపెట్టాను. నా వాక్యానికి ఆవిడ లేదన్నది రెండుసార్లే.

తీర్ 6

పొద్దున్నే ముస్తౌఫీ గారి గది తలుపు తట్టాను. ఆయన సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతున్నారు.

“ఇంకొక్కసారి అడగనివ్వండి.”

“మూడోసారా? అడుక్కున్నట్టుంటుంది. మన పరువేం కాను?”

“మీ అల్లుడు మీ అమ్మాయినివ్వమని ఎన్నిసార్లు వచ్చాడు?”

“నాలుగుసార్లు. మధ్యలో అదెందుకు?”

“మొదటిసారి మీరేమన్నారు?”

“లేదన్నాను. ఆడపిల్ల తండ్రిని, అడగ్గానే ఇస్తానంటానా?”

“మరి మనసులో?”

ఆయన జిప్పు వదిలేశారు. గడ్డం గోక్కున్నారు. “ఆ సాయంత్రమే పెళ్ళివిందుకి గొర్రెపిల్లని చూసొచ్చాను” అన్నారు చివరికి.

“ఆవిడ కూడా మన గొర్రెపిల్లని చూసే ఉంటుంది ముస్తౌఫీ గారూ. అడగందే అమ్మయినా పెట్టదు. అడగనివ్వండి.”

“అడగండి. కానీ మళ్ళీ లేదంటే నేను మీకు ఏమీ చెప్పలేదు, మీరు నన్ను ఏమీ అడగలేదు.”

కింది గదిలో ఇద్దరమే కూర్చున్నాం. అదే కాగితం, అదే వాక్యం, ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు. ఆవిడ ముందు పెట్టాను.

“మూడోసారి అడుగుతున్నాను” అన్నాను.

ఆర్డిస్ పెన్సిలు తిప్పుతూ కూర్చుంది. “మొదటి రెండుసార్లూ మీరు బేరమాడుతున్నారని మావాళ్ళు అనుకున్నారు” అంది మెల్లిగా. “ఇది బేరం కాదని నేను పైకెళ్ళి చెప్పాలంటే, ఎందుకు కాదో నాకు తెలియాలి.”

చెప్పకూడదు. ముప్ఫైఏళ్ళ ఉద్యోగంలో చెప్పకూడనిది ఒక్కటీ చెప్పలేదు. ఆవిడ ఎదురుచూసింది, తొందరపెట్టలేదు. మా నాన్న గుర్తొచ్చాడు నాకు. కియూ పుట్టినరోజున ఆస్పత్రి వరండాలో నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నువ్వే పేరు పెట్టు తల్లీ, నీ తమ్ముడు కదా అన్నాడు. అప్పటికి నేను పన్నెండేళ్ళ దాన్ని. ఒళ్ళో కూర్చునే వయసు దాటిపోయి, సిగ్గుతో చచ్చిపోయాను.

“మీరడిగే పేర్లలో ఒకటి నేను పెట్టింది” అన్నాను.

ఆర్డిస్ పెన్సిలు కింద పెట్టింది. ఎవరని అడగలేదు. తమ్ముడా, కొడుకా అని అడగలేదు. లేచి వెళ్ళింది. నేను ఆ కిటికీ లేని గదిలో గోడ చూస్తూ కూర్చున్నాను. ఏం చేశాను? నోరుందని ఎంత మాటనేశాను? ఆవిడ పైన ఆ మాటే చెబితే?

తిరిగొచ్చి కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. నా వాక్యానికి అటూ ఇటూ ఉన్న బ్రాకెట్లు రెండూ రబ్బరుతో చెరిపేసింది.

“వాళ్ళకేమని చెప్పారు?” అన్నాను.

“ఆవిడ మూడుసార్లు అడిగిందని” అంది. “మా పెద్దాయనది కూడా మా ఊరే.”

నేను ఏడ్చాను. ఏడ్చానని రాస్తున్నాను. ఆవిడ రుమాలు ఇవ్వబోతే వద్దన్నాను, మళ్ళీ ఇవ్వబోతే వద్దన్నాను, మూడోసారి తీసుకున్నాను. నేనేం ఆట పట్టించలేదు, అదే వచ్చేసింది.

తీర్ 8

దేనికైనా వెల ఉంటుంది. పేర్లు వదిలినందుకు వాళ్ళు యంత్రాలడిగారు. కొండ కింద ఉన్నవాటిలో మూడింట రెండొంతులు ఊడదీయాలి. సంతకాలైన రోజునుంచే, తనిఖీదారులు చూస్తుండగా, అక్కడి ఇంజనీర్లే తమ చేతులతో. పైవాళ్ళు ఒప్పేసుకున్నారు. వాక్యం నన్ను రాయమన్నారు.

రాశాను. ‘తొలగించబడును.’

కియూ సంతోషిస్తాడు. కాపలా తగ్గుతుంది, బాంబుల మాట పోతుంది. తెలివైనవాడు, అర్థం చేసుకుంటాడు. సంతోషిస్తాడు.

తీర్ 9

ఫోన్ వచ్చింది.

“నువ్వేనా రాసింది?” అన్నాడు కియూ.

“నేనే.”

“మూడో వరసలోవి నేను ఒక్కోటీ చేత్తో సరిచేసినవి. బహ్రామ్ నిలబెట్టినవి ఉన్నాయి అందులో. నీకు చెప్పాను కదక్కా. వచ్చేముందే చెప్పాను.”

“ఒరేయ్, విను...”

పెట్టేశాడు. అమ్మ పోయినప్పుడు కూడా వాడు నా దగ్గరికే వచ్చి ఏడ్చాడు. ఇప్పుడు నా వల్ల ఏడుపొస్తే ఎవరి దగ్గరికి వెళ్తాడు?

తీర్ 12

ఫోన్ లేదు. సిగ్నల్ ఉండదు అని రాయబోయాను. ఉంటుంది. వాడికి నాతో మాట్లాడాలని లేదు.

తీర్ 17

కియూకి చేశాను. నసీమ్ ఎత్తింది. “స్నానం చేస్తున్నారు వదినా” అంది. పొద్దునా అదే మాట. నా తమ్ముడంత శుభ్రమైన మనిషి తెహ్రాన్‌లోనే లేడు.

తీర్ 23

సంతకాలయ్యాయి. పైన చప్పట్లు, కెమెరాలు. కింది గదిలో మేం కప్పులు కడిగి సర్దుకున్నాం.

ఆర్డిస్‌కి ఇద్దామని ఇస్ఫహాన్ గజ్ మిఠాయి పెట్టె దాచి ఉంచాను. “వద్దండీ” అని మొదలెట్టింది.

“చూడు తల్లీ, నాకు విమానానికి టైమవుతోంది. తీసుకో, తీసుకో, తీసుకో. మూడూ అయిపోయాయి.”

తీసుకుంది. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. “మీరు పేరు పెట్టిన మనిషి బాగుండాలి” అంది. ఇంకేం అనలేదు. మేం ఫొటో దిగకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు. మళ్ళీ కలుస్తామని ఇద్దరం అబద్ధం చెప్పుకోలేదు. ఆవిడంటే నాకు ప్రేమ అని ఇక్కడ రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు.

వాడు మాట్లాడకపోతే పోనీ. బతికుంటే చాలు. నాతో మాట్లాడకుండా ఎనభైఏళ్ళు బతకనీ.

ఎంత అబద్ధం. మాట్లాడాలి.

తీర్ 24, తెహ్రాన్

విమానాశ్రయం బయట నసీమ్ కోసం చూస్తున్నాను. చూస్తే కియూ. ఒక్కడే. పాత ప్రైడ్ కారుకి ఆనుకుని, చెవులు ఎర్రగా చేసుకుని.

“గార్డేడిరా?”

“తరానెకి లెక్కల పరీక్ష. అతను లెక్కల్లో గట్టివాడు. కూర్చోబెట్టి వచ్చాను. ఎక్కు.”

“ఎవరు నడుపుతారు?”

“నీ అమెరికావాళ్ళొచ్చి నడుపుతారు. ఎక్కవే అక్కా!”

నా పెట్టె వెనక పడేశాడు. స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎన్నాళ్ళయిందో వాణ్ణి అక్కడ చూసి! తన వైపు అద్దం పూర్తిగా దించాడు. గాలికి నా తలగుడ్డ ఎగిరి మొహానికి చుట్టుకుంది. నేను మాట్లాడబోయేలోపే మొదలెట్టాడు.

“పిల్లల్ని పెంచినట్టు పెంచాను వాటిని. నిన్న మొదటిది ఊడదీశాం. ఊడదీస్తుంటే పక్కన విదేశీవాడొకడు నిలబడి, మీ పేరేమిటని అడగలేదు తెలుసా, ‘మూడో విభాగం ఇంజనీరు గారూ’ అన్నాడు! నాకు పేరు కూడా లేకుండా చేశావు నువ్వు! ఒరేయ్ గాడిదా, ఇండికేటరు వేసి తిరుగు! నీకు కాదక్కా, ఆ ట్రక్కువాడికి. ఏం చెప్తున్నాను?”

“పేరు లేకుండా చేశానని.”

“అవును! ఏమనుకున్నావు నువ్వు?”

వాడు దారంతా నన్ను తిట్టాడు, మధ్యమధ్యలో తెహ్రాన్ డ్రైవర్లని తిట్టాడు. ఏ తిట్టు ఎవరిదో నేను లెక్క పెట్టుకోలేదు. ఇంత కమ్మటి తిట్లు నా జన్మలో వినలేదు. తినేసేట్టు వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను.

ఊళ్ళోకొచ్చాక సిగ్నల్ దగ్గర ఆగాం. నా వైపు ఒక మోటారుసైకిలు వచ్చి ఆగింది.

కియూ మాట మధ్యలో ఆగిపోయింది. నల్లటి హెల్మెట్టు. అద్దాల్లోంచి చూస్తుంటే ఆ మనిషి మా కారు తలుపువైపు వంగాడు. చెయ్యి చాచాడు. ముందు కారు, వెనక కారు. కదలడానికి జానెడు చోటు లేదు. నేను కియూ మీదకి ఒరిగిపోయాను. యాభైనాలుగేళ్ళు, నడుంనొప్పి, సీటుబెల్టు మెడ కోస్తోంది, అయినా వాడి తల నా రెండు చేతుల్లోకీ లాక్కుని గట్టిగా కప్పేశాను. వాడు నన్ను నెట్టేసి తలుపువైపు తను రావాలని చూస్తున్నాడు. నేను వదలలేదు.

అద్దం మీద టకటకా కొట్టిన చప్పుడు.

“ఖానుమ్! మీ కోటు అంచు తలుపులో ఇరుక్కుంది. రోడ్డంతా ఊడ్చుకుంటూ వస్తున్నారు!”

హెల్మెట్టు కుర్రాడు చెయ్యి ఊపి, కార్ల సందులోంచి వెళ్ళిపోయాడు.

తర్వాత నా చేతుల కింద వాడి భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వు. ముందు చప్పుడు లేకుండా, తర్వాత కళ్ళనీళ్ళు కారుతూ, స్టీరింగు మీద నుదురు కొట్టుకుంటూ నవ్వు. “కోటు... అక్కా... కోటు...” అంటున్నాడు, పూర్తి చేయలేకపోతున్నాడు. తలుపు తీసి కోటు లోపలికి లాక్కున్నాను. అంచంతా నల్లటి మసి. పచ్చలైటు పడింది. వెనకవాళ్ళు హారన్లు మోగించేస్తున్నారు, ఒకడు మా నాన్నదాకా వెళ్ళి తిడుతున్నాడు. వీడు మాత్రం కారు కదిలించే స్థితిలో లేడు.

నేను అద్దం దించి, తల బయటపెట్టి, వెనక్కి తిరిగి అరిచాను.

“ఆగండయ్యా! మా తమ్ముడు నవ్వుతున్నాడు!”